తల తిరుగుడుకు సూదుల వైద్యం: ముందు చేయాల్సిన పని

బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్న మనిషి కథ హైదరాబాద్ మౌలాలిలో చాలా ఇళ్లల్లో సీటీ స్కాన్ దగ్గరే ముగిసిపోతుంది. స్కాన్ నార్మల్ అని డాక్టర్ అనగానే ఇంట్లోవాళ్లు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. మొక్కుకున్నవాళ్లు గుట్టెక్కి దర్గాకు వెళ్లొస్తారు, గుడికి వెళ్లేవాళ్లు కొబ్బరికాయ కొట్టొస్తారు. పడ్డ మనిషికి మాత్రం అసలు బాధ ఆ తర్వాతే మొదలవుతుంది. పక్కకు ఒత్తిగిలితే మంచం గిర్రున తిరుగుతుంది. పై అరలో డబ్బా కోసం తలెత్తితే కాళ్ల కింద నేల జారినట్టవుతుంది. స్టేషన్‌లో నిలబడి ఉండగా ఎదురుగా గూడ్సు బండి పోతుంటే కదులుతున్నది వ్యాగన్లో, తానో తెలియదు. "చక్కర్ వస్తున్నది" అని చెబితే, "రక్తం తక్కువైనట్టుంది, బీట్‌రూట్ తిను" అంటారు. అలా నెల దాటాక ఎవరో చుట్టం సూదుల వైద్యం సంగతి ఎత్తుతారు. మేనమామకు మోకాలి నొప్పి తగ్గిందనీ, తల తిరుగుడుకు కూడా పనిచేస్తుందనీ చెబుతారు.

ఆ సలహా విని వెళ్దామా వద్దా అని ఆలోచిస్తున్న మనిషి కోసమే ఈ అధ్యాయం. ఆక్యుపంక్చర్ ప్రయత్నించడంలో తప్పులేదు. కొన్ని బాధలకు అది ఉపశమనం ఇస్తుందనడానికి మంచి పరిశోధనలే ఉన్నాయి. కానీ తలగాయం తర్వాత వచ్చే తిరుగుడు ఒక్క జబ్బు కాదు. అందులో బాగా తరచుగా కనిపించే రకాన్ని చెవి పరీక్ష తెలిసిన డాక్టర్ ఒక్క పూటలో పట్టుకుని, అదే పూట సరిచేసే అవకాశం ఉంది. ఆ పరీక్ష జరగకుండా నెలల తరబడి సూదులు పెట్టించుకుంటే డబ్బు పోవడం ఒక ఎత్తు, ఈలోగా కింద పడి మళ్లీ తల పగలగొట్టుకోవడం మరో ఎత్తు.

ఈ సమస్య ఎంతమందిదో ఊహించడానికి ఒక్క లెక్క చాలు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. ఇది పోయినవారి లెక్క. బతికి బయటపడి, తలకు కట్టుతో ఇంటికొచ్చి, పనికి వెళ్లలేక ఇంట్లో కూర్చున్నవారి సంఖ్య ఇంతకంటే చాలా పెద్దది.

తెలుగువాళ్లందరికీ గుర్తున్న ఉదాహరణ నటుడు సాయి ధరమ్ తేజ్‌ది. 2021 సెప్టెంబర్ 10 రాత్రి మాదాపూర్ దగ్గర, కేబుల్ బ్రిడ్జి ప్రాంతంలో రోడ్డు మీది ఇసుకలో ఆయన బైక్ జారిపోయింది. తలకు హెల్మెట్ ఉంది. కాలర్‌బోన్ విరిగిందనీ, మెదడుకూ వెన్నెముకకూ పెద్ద గాయాలు లేవనీ ఆసుపత్రి ప్రకటించింది. అయినా ఆయన ఇంటికి చేరింది అక్టోబర్ 15న. మాట సరిగ్గా రాక తాను పడ్డ అవస్థ గురించి తర్వాత ఇంటర్వ్యూల్లో ఆయనే చెప్పారు. 'విరూపాక్ష'తో మళ్లీ తెర మీదికి వచ్చేసరికి 2023 ఏప్రిల్ అయింది. పెద్ద గాయం లేదన్న మాట విని వారంలో మనిషి మామూలైపోతాడని ఆశించే కుటుంబాలు ఈ తేదీలను ఒకసారి తీరిగ్గా చూడాలి. అన్ని వసతులూ ఉన్న మనిషికే అంత కాలం పట్టినప్పుడు, రోజుకూలీ మీద బతికే కుర్రాడు నెలకే పనిలోకి వెళ్లలేదని సణగడం న్యాయం కాదు.

సీటీ స్కాన్ చేసే పని గొప్పదే. మెదడులో రక్తస్రావం ఉందా, పుర్రె చిట్లిందా అన్నది నిమిషాల్లో చెబుతుంది, ప్రాణం కాపాడుతుంది. అయితే మనిషిని నిలకడగా నిలబెట్టే యంత్రాంగంలో కొంత భాగం లోపలి చెవిలో, స్కాన్ కంటికి అందనంత సూక్ష్మంగా ఉంటుంది. ప్రతి చెవిలోనూ అర్ధచంద్రాకారంలో మూడు సన్నటి గొట్టాలు ఉంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. మేస్త్రీ గోడ మీద పెట్టి చూసే రసమట్టంలో లాగే, తల ఎటు కదిలిందో ఆ ద్రవం కదలికను బట్టి మెదడుకు తెలుస్తుంది. వాటి పక్కనే ఉండే చిన్న సంచిలో కాల్షియం కార్బొనేట్ రేణువులు జిగురు పొర మీద అతుక్కుని ఉంటాయి. తల రోడ్డుకు గుద్దుకున్నప్పుడు ఆ రేణువులు ఊడి గొట్టంలోకి జారవచ్చు. ఆ తర్వాత పడుకున్నా, లేచినా, ఒత్తిగిలినా అవి దొర్లుతాయి, ద్రవాన్ని నెడతాయి. మనిషి కదలకపోయినా తిరుగుతున్నాడని చెవి మెదడుకు తప్పుడు కబురు పంపుతుంది. దీన్ని డాక్టర్లు బీపీపీవీ అంటారు.

దీని గుర్తులు తేలికైనవి. తిరుగుడు తల భంగిమ మారినప్పుడే వస్తుంది, గిర్రున తిరిగినట్టు ఉంటుంది, సాధారణంగా నిమిషంలోపు ఆగిపోతుంది. ఆ తర్వాత వికారం, భయం కాసేపు మిగులుతాయి. కనిపెట్టడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. డాక్టర్ రోగిని మంచం మీద కూర్చోబెట్టి, తలను ఒక పక్కకు 45 డిగ్రీలు తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి కనుగుడ్లను చూస్తారు. రేణువులు దొర్లుతుంటే కనుగుడ్లు ఒక తీరులో కొట్టుకుంటాయి. డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు 1952లో వివరించిన పరీక్ష ఇది. మెడ ఎముకకు దెబ్బ లేదని తేలాకే దీన్ని చేయాలి. బండి ప్రమాదాల్లో మెడ దెబ్బ మామూలే కాబట్టి ఈ జాగ్రత్తను ఎవరూ దాటవేయకూడదు.

దీనికి చికిత్స కూడా చేతులతోనే. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జాన్ ఎప్లీ అనే చెవి డాక్టర్, తలను ఒక వరుసలో తిప్పుతూ రేణువులను గొట్టం నుంచి మళ్లీ సంచిలోకి దొర్లించవచ్చని కనిపెట్టాడు. మందు లేదు, కోత లేదు, తల తిప్పితే జబ్బు పోతుందంటే తోటి డాక్టర్లు చాలా ఏళ్లు నమ్మలేదు. 1992లో ఆయన పరిశోధన పత్రం అచ్చయింది. ఇప్పుడది ప్రపంచమంతటా మొదటి వరుస చికిత్స. పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన 2014 కోక్రేన్ సమీక్షలో, ఎప్లీ పద్ధతి చేసినవారిలో 56 శాతం మందికి తిరుగుడు పూర్తిగా పోయింది. చేయనివారిలో ఆ సంఖ్య 21 శాతం. దెబ్బ వల్ల వచ్చిన బీపీపీవీ కొంచెం మొండిది. రెండు చెవుల్లోనూ ఉండొచ్చు, తగ్గి మళ్లీ రావచ్చు, పద్ధతిని పలుమార్లు చేయాల్సి రావచ్చు. అయినా దానికి దారి తెలుసు.

ఎప్లీ కథను ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. చూడ్డానికి వింతగా ఉన్నంత మాత్రాన ఒక వైద్యాన్ని కొట్టిపారేయకూడదు. పరీక్షకు నిలబడితే వింత వైద్యమే రేపు మామూలు వైద్యమవుతుంది. ఆక్యుపంక్చర్‌కు కూడా ఇదే కొలత పెట్టాలి. గుడ్డిగా నమ్మడం, గుడ్డిగా ఈసడించడం రెండూ రోగికి ఉపయోగపడవు.

బీపీపీవీ కాకపోతే మరేమిటి? దెబ్బకు మెదడు అదిరి, కదలికలను సమన్వయం చేసే శక్తి కొన్ని వారాలు మందగించవచ్చు. ఇందులో తల గిర్రున తిరగడం కంటే దిమ్ముగా, మబ్బుగా, తూలుతున్నట్టు ఉండటం ఎక్కువ. తలనొప్పి, వెలుతురు పడకపోవడం, నిద్ర చెడటం తోడవుతాయి. చాలామందికి వారాల్లో సర్దుకుంటుంది. మెడ కండరాలు పట్టేయడం వల్ల వచ్చే తూలుడు ఉంది. దెబ్బ తర్వాత మొదలయ్యే మైగ్రేన్ ఉంది. లోపలి చెవి పొర చిరిగి ద్రవం కారితే తుమ్మినా, ముక్కినా తిరుగుడు వస్తుంది, వినికిడి కూడా మారుతుంది. ఇది ఈఎన్టీ సర్జన్ చూడాల్సిన విషయం. నెలల తరబడి మంచాన ఉన్నవారికి లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు బైర్లు కమ్మవచ్చు. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడిన మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ కొలిస్తే తేలిపోయే సంగతి ఇది. మూడు నెలలు దాటినా నిలబడ్డప్పుడూ, ఈసీఐఎల్ చౌరస్తా లాంటి రద్దీలోకి వెళ్లినప్పుడూ తూలుతున్నట్టే ఉంటే, దానికీ ఒక పేరుంది, చికిత్స ఉంది. ఆ రకానికి లక్షణాల కొలమానాన్ని బరానీ సొసైటీ 2017లో ప్రచురించింది. లోపలి చెవి మీద పరిశోధనకు 1914 నోబెల్ బహుమతి పొందిన రాబర్ట్ బరానీ పేరు మీద నడిచే సంస్థ అది.

ఇంకో కారణం మందుల డబ్బాలోనే ఉండొచ్చు. తలగాయం తర్వాత ఫిట్స్ రాకుండా ఫెనిటాయిన్ లాంటి మాత్రలు ఇస్తారు. మోతాదు ఎక్కువైతే అవే తూలేలా చేస్తాయి. ఆ మాత్రలను సొంతంగా ఆపడం ప్రమాదం. రాసిన డాక్టర్‌ దగ్గరికే వెళ్లి మోతాదు సరిచూడమని అడగాలి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఈ అధ్యాయం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయాలి. తలనొప్పి రోజురోజుకూ పెరగడం, పదేపదే వాంతులు, మాట తడబడటం, ఒక పక్క చెయ్యో కాలో బలహీనపడటం, ఎప్పుడూ మగతగా ఉండటం, ఫిట్స్, ముక్కులోంచి లేదా చెవిలోంచి నీళ్లలాంటి ద్రవం కారడం, ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోవడం అలాంటివి. మొదటి స్కాన్ నార్మల్ వచ్చింది కదా అని ధీమాగా ఉండకూడదు. మెదడు పొరల మధ్య మెల్లగా రక్తం చేరే పరిస్థితి దెబ్బ తగిలిన కొన్ని వారాల తర్వాత కూడా బయటపడుతుంది. ముసలివాళ్లలో, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో, మద్యం అలవాటున్నవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ.

సూదుల వైద్యానికి వెళ్లే ముందు మానుకోవాల్సిన అలవాటు ఒకటుంది. మన సెలూన్లలో కటింగ్ అయ్యాక తల మర్దన చేసి, మెడను అటూ ఇటూ విరిచి 'టక్' మనిపిస్తారు. తల తిరుగుతున్నవాళ్లు హాయిగా ఉంటుందని అదే పనిగా చేయించుకుంటారు. మెడ ఎముకల సందుల్లోంచి మెదడుకు వెళ్లే రక్తనాళాలు అలాంటి కుదుపుకు చిరిగితే పక్షవాతం రావచ్చు. ప్రమాదంలో అప్పటికే దెబ్బతిన్న మెడకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. మెడ విరిపించుకోవడం ఇక జన్మలో వద్దని ఇంటిల్లిపాదీ ఆ మనిషితో ఒట్టు వేయించుకున్నా తప్పులేదు.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే తిరుగుడు మాత్రల గురించి కూడా ఒక మాట. ప్రోక్లోర్‌పెరజీన్, సిన్నరిజిన్ లాంటివి వికారం భరించలేని మొదటి రోజుల్లో మేలు చేస్తాయి. నెలల తరబడి వేసుకుంటే చెవి దెబ్బకు మెదడు అలవాటుపడే పనిని అవే ఆలస్యం చేస్తాయి. పైగా ఎక్కువ కాలం వాడితే చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం కూడా మొదలు కావచ్చు.

ఇక ఆక్యుపంక్చర్. చైనాలో రెండు వేల ఏళ్లకు పైగా చరిత్ర ఉన్న ఈ వైద్యం మన దేశానికి ఒక స్నేహం దారిలో వచ్చింది. 1938లో జపాన్ దాడిలో ఉన్న చైనాకు సాయంగా భారత జాతీయ కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లను పంపింది. వారిలో షోలాపూర్ వాడైన ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడే 1942లో కన్నుమూశాడు. ఆ బృందంలోని మరొకరు విజయ్ కుమార్ బసు. ఆయన తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఈ విద్య నేర్చుకుని, 1950ల చివర్లో కలకత్తాలో మొదలుపెట్టారు. రిజిస్టరైన వైద్యులు, తగిన శిక్షణ ఉన్నవారు దీన్ని చికిత్సా పద్ధతిగా వాడవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో చెప్పింది. మహారాష్ట్ర దీనికోసం విడిగా చట్టమే చేసింది. మన దగ్గర ప్రకృతి వైద్యం, యోగాలో ఐదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ డిగ్రీ చదివేవారికి ఇది పాఠ్యాంశం. హైదరాబాద్ అమీర్‌పేటలో ప్రభుత్వ ప్రకృతి వైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి.

పనిచేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు బాధను బట్టి మారుతుంది. తరచూ వచ్చే టెన్షన్ తలనొప్పికీ, మైగ్రేన్ రాకుండా ఆపడానికీ ఉపయోగపడవచ్చని 2016లో వచ్చిన రెండు కోక్రేన్ సమీక్షలు తేల్చాయి. మణికట్టు లోపలి వైపు, మూడు వేళ్ల పైన ఉండే బిందువును ప్రేరేపిస్తే ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం, వాంతులు తగ్గుతాయన్నదానికీ ఆధారాలున్నాయి. తలగాయం తర్వాత తిరుగుడుతో పాటు తలనొప్పి, మెడ పట్టు, వికారం కూడా వస్తాయి కాబట్టి వాటిలో కొంత ఊరట ఆశించవచ్చు. తిరుగుడుకే నేరుగా పనిచేస్తుందా అంటే ఆధారం పలచగా ఉంది. తైవాన్‌లో ఎమర్జెన్సీ విభాగానికి తిరుగుడుతో వచ్చిన 60 మంది మీద చేసి 2015లో ప్రచురించిన ప్రాథమిక అధ్యయనంలో, సూదులు పెట్టినవారికి తీవ్రత కొంత తగ్గినట్టు కనిపించింది. 60 మంది అంటే చిన్న సంఖ్య. వారు బండి మీద నుంచి పడి వచ్చినవారని కూడా అనుకోకూడదు. చెవి గొట్టంలోకి జారిన రేణువులను చేతిలో గుచ్చిన సూది వెనక్కి నెడుతుందని నమ్మడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు.

జర్మనీలో జరిగిన పెద్ద పరిశోధన ఒకటి ఇక్కడ తలచుకోవాలి. నడుంనొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు శాస్త్ర ప్రకారం సూదులు పెట్టారు. రెండో గుంపుకు బిందువులు కాని చోట్ల, పైపైన పెట్టారు. మూడో గుంపుకు మామూలు మందులు, వ్యాయామం ఇచ్చారు. ఆరు నెలల తర్వాత మొదటి గుంపులో 47.6 శాతం, రెండో గుంపులో 44.2 శాతం, మూడో గుంపులో 27.4 శాతం మంది మెరుగయ్యారు. 2007లో వచ్చిన ఈ ఫలితాన్ని ఇష్టపడేవాళ్లు ఒకలా, పడనివాళ్లు ఇంకోలా చదువుకున్నారు. రోగి వైపు నుంచి చూస్తే రెండు సంగతులు తేలతాయి. సూదులు పెట్టించుకున్నవాళ్లకు నిజంగానే మేలు కనిపించింది. సూది సరిగ్గా ఎక్కడ గుచ్చారన్నదానికి చెప్పుకున్నంత ప్రాధాన్యం కనిపించలేదు. పడుకోబెట్టి, ఓపిగ్గా విని, ఒంటి మీద చెయ్యి వేసి చూసే మనిషి దొరకడం కూడా వైద్యంలో భాగమే. రద్దీ ఓపీలో రెండు నిమిషాలు కూడా దొరకని రోగికి ఆ విలువ బాగా తెలుసు.

కాబట్టి వెళ్లాలనుకుంటే ఒక పద్ధతిలో వెళ్లాలి. ముందు చెవి పరీక్ష, నరాల పరీక్ష పూర్తి కావాలి. మౌలాలి వాసులకు గాంధీ ఆసుపత్రి, కోఠిలోని ప్రభుత్వ ఈఎన్టీ ఆసుపత్రి, పంజాగుట్ట నిమ్స్ అందుబాటులో ఉన్నాయి. రైల్వే కుటుంబాలకు లాలాగూడలో సొంత సెంట్రల్ హాస్పిటల్ ఉంది. ఈఎస్ఐ కార్డున్న కార్మికులకు నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి దగ్గర. డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ రిపోర్టు, వాడుతున్న మాత్రల చీటీ ఒక కవర్‌లో పెట్టుకుని, ఆక్యుపంక్చర్ చేసేవారికి కూడా అవే చూపించాలి. వాటిని చూడకుండానే సూదులు తీసే మనిషి దగ్గర కూర్చోకపోవడం మంచిది. ఏ డిగ్రీ, ఎక్కడి రిజిస్ట్రేషన్ అని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ఆ మాటకు కోపం తెచ్చుకునేవారి దగ్గర అసలే వద్దు.

సూదులు ఒక్కసారి వాడి పారేసే రకమై ఉండాలి. సీలు రోగి ఎదుటే విప్పాలి. తిరుగుడు ఉన్నవారికి కూర్చోబెట్టి సూదులు పెడితే సొమ్మసిల్లి పడే ప్రమాదం ఉంది కాబట్టి పడుకోబెట్టే చేయాలి. ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. ఆపరేషన్‌లో పుర్రె ఎముక తీసి ఉంచినవారికి, పుర్రె చిట్లు ఇంకా మానని వారికి తల మీద సూదులు పెట్టకూడదు. ఫిట్స్ వచ్చినవారికి సూదులకు కరెంటు పెట్టే పద్ధతి వద్దు. మెడ వెనక, భుజాల మీద, ఛాతీ మీద లోతుగా గుచ్చడం ప్రమాదకరం. భుజం దగ్గర లోతుగా దిగిన సూది ఊపిరితిత్తికి తగిలిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. సూదులు పెట్టించుకున్నాక ఆయాసం, ఛాతీనొప్పి వస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. డాక్టర్ రాసిన మాత్రలన్నీ ఆపేయమని ఎవరైనా షరతు పెడితే అక్కడికక్కడే లేచి వచ్చేయాలి.

గడువు మొదటి రోజే పెట్టుకోవాలి. ఆరు సిట్టింగుల ప్యాకేజీ, ఆ తర్వాత ఇంకో ఆరు, ఆ తర్వాత 'లోపలి నుంచి తగ్గుతోంది' అన్న భరోసా, ఇలా నడిచిపోతే జేబు ఖాళీ అవుతుంది. దీనికి విరుగుడు ఒక నోటుబుక్. రోజూ రాత్రి పడుకునే ముందు తిరుగుడు ఎంత ఉందో సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేయాలి. ఒత్తిగిలినప్పుడు వచ్చిందా, గోడ పట్టుకోకుండా బాత్రూమ్‌కు వెళ్లగలిగారా, ఎంతసేపు నడిచారు అన్నవి రెండు ముక్కల్లో రాయాలి. సూదులు మొదలుపెట్టక ముందు ఒక వారం, మొదలుపెట్టాక ఆరు సిట్టింగులు పూర్తయ్యేదాకా రాస్తే నిజం తెలుస్తుంది. ఇంకాస్త కచ్చితంగా కావాలంటే, వెర్టిగో క్లినిక్‌లలో వాడే 25 ప్రశ్నల పత్రం ఉంది. జాకబ్‌సన్, న్యూమన్ 1990లో తయారుచేసింది. వందకు వచ్చే మార్కు కనీసం 18 తగ్గితేనే అసలైన మార్పుగా లెక్క. ఆరు సిట్టింగుల తర్వాత నోటుబుక్‌లో అంకె కదలకపోతే ఆపేయాలి. మొహమాటానికి కొనసాగించే వైద్యం ఏదీ ఉండకూడదు.

సూదులకు వెళ్లినా వెళ్లకపోయినా, మానకుండా చేయాల్సింది వ్యాయామం. ఇది పాత అనుభవం మీద నిలబడ్డ మాట. 1940లలో ఇంగ్లండ్‌లో కాథోర్న్ అనే చెవి సర్జన్, కుక్సీ అనే వైద్యుడు తల దెబ్బలు తిన్న సైనికుల్లో ఒక తేడా గమనించారు. కదలకుండా పడుకున్నవారి కంటే, తిరుగుడును ఓర్చుకుంటూ తల, కళ్లు కదిలించినవారు త్వరగా కోలుకున్నారు. అలా పుట్టిన వ్యాయామాలు ఇప్పటికీ వాళ్ల పేర్లతోనే నడుస్తున్నాయి. కెనడాలో ఆటల్లో తలకు దెబ్బ తగిలి, తిరుగుడో మెడనొప్పో తలనొప్పో తగ్గని 31 మందితో మొదలుపెట్టిన పరిశోధన 2014లో వచ్చింది. మెడకు, సమతౌల్యానికి ప్రత్యేక ఫిజియోథెరపీ ఇచ్చిన 15 మందిలో 11 మంది ఎనిమిది వారాల్లోపే ఆటకు సిద్ధమని డాక్టర్ తేల్చారు. అది ఇవ్వని 14 మందిలో ఒక్కరే సిద్ధమయ్యారు. ఇదీ చిన్న అధ్యయనమే. అయినా తేడా చిన్నది కాదు.

ఇంట్లో చేసేవి కష్టమైనవేం కావు. గోడ మీద ఒక అక్షరం అతికించి, చూపు దాని మీదే నిలిపి తలను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పడం ఒకటి. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం ఇంకొకటి. గోడకు చెయ్యెత్తు దూరంలో పాదం వెనక పాదం వేసి నడవడం మరొకటి. మొదట్లో కొంచెం తిరుగుతుంది. కొద్దిసేపట్లో తగ్గిపోయేంత తిరుగుడు వస్తే అది పని జరుగుతున్నట్టే. గంటల తరబడి పడుకోబెట్టేంత వస్తే మోతాదు తగ్గించాలి. దెబ్బ తగిలిన మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి సరే. ఆ తర్వాత కూడా చీకటి గదిలో పడుకోబెట్టి ఉంచడం వల్ల మేలు లేదు. మొదటిసారి ఫిజియోథెరపిస్టు చూపించాకే, ఇంట్లో ఒక మనిషి పక్కన ఉండగా చేయాలి. మౌలాలి గుట్ట మెట్లు ఐదు వందల దాకా ఉంటాయి. మొక్కు తీర్చుకోవడానికి తొందరపడి ఈ దశలో ఎక్కకూడదు. ఎక్కడం కంటే దిగడంలో పడే ప్రమాదం ఎక్కువ.

పనిలోకి ఎప్పుడు వెళ్లాలన్నది ప్రతి ఇంటినీ పీడించే ప్రశ్న. మౌలాలి అంటే లోకో షెడ్, రైల్వే శిక్షణ సంస్థ, పారిశ్రామికవాడ. ఇంజిన్ నడిపే లోకో పైలట్‌కు వైద్య ప్రమాణాల్లో అన్నిటికంటే కఠినమైన ఏ-1 కేటగిరీ ఎందుకు పెట్టారో తిరుగుడు వచ్చిన మనిషికి వేరే చెప్పనక్కర్లేదు. తిరుగుడు దాచి ఫిట్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం తన ప్రాణానికే కాదు, వెనక పెట్టెల్లో ఉన్నవారందరి ప్రాణాలకూ ముప్పు. నిచ్చెన ఎక్కే ఎలక్ట్రీషియన్, లేత్ ముందు నిలబడే కార్మికుడు, సెంట్రింగ్ మీద నడిచే మేస్త్రీ కూడా డాక్టర్ సరేననే దాకా కింద చేసే పని అడగాలి. యజమానులు ఆ మాత్రం సర్దుబాటు చేయడం దయ కాదు, బాధ్యత.

బండి నడపడం చివరికి రావాలి. తల వెనక్కి తిప్పి చూసినప్పుడు తిరుగుడు వచ్చే మనిషి ఈ ట్రాఫిక్‌లో బండి నడపకూడదు. అంతవరకు 2024 మార్చిలో మొదలైన ఘట్‌కేసర్-లింగంపల్లి ఎంఎంటీఎస్ మౌలాలి మీదుగానే వెళ్తుంది, సిటీ బస్సులున్నాయి. మళ్లీ బండెక్కే రోజున పాత హెల్మెట్ వాడకూడదు. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి పొర నలిగిపోయి ఉంటుంది, పైకి గీత కూడా కనిపించకపోవచ్చు. 1935లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో చనిపోయిన బ్రిటిష్ సైనికాధికారి టి.ఇ. లారెన్స్‌కు చికిత్స చేసిన వారిలో న్యూరోసర్జన్ హ్యూ కెయిర్న్స్ ఒకరు. సైనిక మోటార్‌సైకిల్ చోదకుల తలగాయాల మీద ఆయన 1941లో ప్రచురించిన పత్రంతోనే హెల్మెట్ విలువ వైద్యలోకానికి గట్టిగా తెలిసింది. హెల్మెట్ తలగాయం ముప్పును 69 శాతం, మరణం ముప్పును 42 శాతం తగ్గిస్తుందని 2008 కోక్రేన్ సమీక్ష లెక్కకట్టింది. వెనక కూర్చునే భార్యకు, పిల్లలకు కూడా అదే లెక్క వర్తిస్తుంది.

బండి ప్రమాదం తర్వాత మీకో, మీ ఇంట్లోవాళ్లకో పడుకున్నప్పుడూ లేచినప్పుడూ తల తిరుగుతుంటే, సూదుల వైద్యానికి అడ్వాన్స్ కట్టే ముందు ఈ వారమే ఒక ఈఎన్టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మెడకు దెబ్బ లేదని చూసి, డిక్స్-హాల్‌పైక్ పరీక్ష చేయమని పేరు పెట్టి అడగండి.